మూయని సున్న

కార్తీకం చివరికొచ్చేసరికి మా వికారాబాద్ ఎండకు బుద్ధి వస్తుంది. తొమ్మిది దాటితే గాని వరండాలోకి రాదు, వచ్చిందంటే నాలుగింటిదాకా కుర్చీ వదలదు. ఆ రెండో శనివారం బడి లేదు. మా ఆయన మర్పల్లిలో ఏదో పెళ్లికి వెళ్లారు. నేను మోకాళ్ల నొప్పి అని చెప్పి ఉండిపోయాను. నొప్పి ఉన్న మాట నిజమే గాని పెళ్లి మానుకునేంత నొప్పి కాదు. రెండు రోజులు ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలనిపించింది, అంతే.

ఒక్కదాన్నే ఉంటే ఇల్లు ఏమేమో చూపిస్తుంది. బియ్యం డబ్బాలో మగ్గబెట్టి మరిచిపోయిన సీతాఫలాలు రెండు దొరికాయి. ఈ ఏటికి అనంతగిరి కాయల్లో అవే ఆఖరివి. నిలబడే తిన్నాను, గింజలు దోసిట్లోకి ఉమ్ముకుంటూ, బడిపిల్లలెవరూ చూడరు కదా అని. కరెంటు మీటరు డబ్బాలో పిచ్చుక గూడు కనపడింది. అందులో సగం మా ఇంటి చీపురు పుల్లలే. కిటికీ చట్రం సందులో, మూడేళ్ల కిందట పోయిందనుకున్న నా ముక్కుపుడక తళుక్కుమంది. దాని కోసం అప్పట్లో పనిమనిషిని ఎన్ని అన్నానో గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. ఆమె పని మానేసి కుల్కచర్ల వెళ్లిపోయి చాలా కాలమైంది.

ఇవన్నీ పొద్దున్నే జరిగిపోయాయి. పదింటికి మేస్త్రి వచ్చాడు. ముందురోజు గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన దాన్ని ముందు మెట్టు మీద దించగానే మెట్టు బండ అడ్డంగా రెండు ముక్కలైంది. పక్కింటివాళ్ల నీళ్ల సంపు కట్టిన మేస్త్రినే రమ్మన్నాను. కొడంగల్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. మాట తక్కువ. వచ్చినవాడికి ముందు టీ ఇచ్చాను.

గాజు గ్లాసు అందుకొని, తాగబోయే ముందు, అంచు కింద గోటితో టింగున ఒకటి కొట్టాడు. తల కాస్త పక్కకు వంచి విన్నాడు. ఆ తర్వాతే తాగాడు.

అలా చేసే మనిషిని నేను జన్మలో ఒక్కరినే చూశాను.

"ఎక్కడిది మేస్త్రీ ఈ అలవాటు?" అన్నాను.

"మా పెద్దమ్మ నేర్పింది మేడం. గ్లాసుల నెర్రె ఉంటే పెదవి కోస్తదని. తాండూర్ల బండల మిల్లుల పనిచేస్తుండె. ఏది పట్టుకున్నా ఒకటి కొట్టి సూడంది ఊకోకపోతుండె."

"ఇప్పుడెక్కడుంది?"

"లేదు మేడం. దసరాకు ముంగట పోయింది. జరమొచ్చింది, నాలుగు దినాలల్ల అయిపోయింది."

గ్లాసు నా చేతికిచ్చి పనిలోకి దిగాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఆ గ్లాసు కడిగి, మళ్లీ కడిగి, కుళాయి కట్టేయడం మరిచిపోయి నిలబడ్డాను. ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి ఎనిమిదేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. తాండూరు ఎంత దూరం? పాసింజర్ ఎక్కితే గంట. ఎప్పుడో ఒకప్పుడు వెళ్లి చెబుదాంలే అనుకుంటూ ఇంతకాలం గడిపాను. ఇక వెళ్లడానికి లేదు. ఆమె చెల్లెలి కొడుకు మాత్రం నా వాకిట్లో కూర్చుని సుత్తితో మెట్టు ముక్కలు ఊడదీస్తున్నాడు. ఆ మాట ఇతనికైనా చెప్పాలా వద్దా అన్నది ఆ రెండు రోజులూ నన్ను తినేసింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. మిల్లులో అందరూ అక్కా అనేవారు, నేనూ అక్కా అనేదాన్ని. ఇప్పుడు పేరు రాసి, గుర్తుపెట్టుకున్న మంచిదాన్ని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

మేం ఈ ఇల్లు కట్టుకునే రోజుల్లో బండలు చూసుకోవడానికి నేను శని ఆదివారాలు తాండూరు వెళ్లేదాన్ని. మా ఆయనకు బండల్లో రంగు తప్ప ఏదీ తెలియదు. ఆ మిల్లులో కోసిన బండలు గోడకు ఆనించి వరుసగా నిలబెట్టి ఉండేవి. వాటి మధ్య చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని, కనుబొమ్మల నిండా రాతిపొడితో, ఒక పొట్టి మనిషి తిరుగుతుండేది. మెడలో నల్లదారానికి చిన్న శిలువ. కుడిచేతి నడిమి వేలికి లావుపాటి ఇనుప ఉంగరం. ఆ ఉంగరంతో బండను కొట్టేది, ఒక్కసారే. పగులు లేని బండ ఖంగుమంటుంది, లోపల నెర్రె ఉన్నది టప్పుమంటుంది. పైకి రెండూ ఒకేలా కనపడతాయి. అదే ఆమె పని. ఆమె సరే అన్న బండే లారీ ఎక్కేది.

నేను వెళ్లిన మొదటి రోజే నున్నగా, నీలంగా ఉన్న బండను చూపించి ఇది కావాలన్నాను.

"సూపుకు మంచిగుంటే ఏం జేసుకుంటవ్ టీచరమ్మా? పలుకనియ్యి," అని ఉంగరంతో ఒకటి వేసింది. "ఊహూ. మూగది. మూగదాన్ని ఇంట్ల ఏస్కుంటే, తొక్కినప్పుడల్లా లోపల్లోపల ఏడుస్తది."

నేను టీచర్నని ఎలా తెలిసిందంటే, "వేలు పెట్టి సూపెడుతున్నవ్ గద," అంది.

మంచి బండ మీద జాజుతో గుండ్రంగా ఒక సున్న చుట్టేది. ఆ ఎర్రమట్టి ముద్ద ఎప్పుడూ కొంగున కట్టి ఉండేది. సున్న మాత్రం చివరిదాకా కలిపేది కాదు. బెత్తెడు ఖాళీ వదిలేది. నా పంతులమ్మ బుద్ధి ఊరుకోదు కదా, "సున్న కూడా సరిగా మూయవేం అక్కా? మా బడిలో అయితే మళ్లీ రాయిస్తాం," అన్నాను.

"మూస్తే ఎట్ల పలుకుతది? బండకు జర నోరుండాలె."

ఎవరేది అడిగినా అరిచినట్టే జవాబు చెప్పేది. కోత మిషన్ల రొదలో అక్కడ అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. సంతోషం కలిగితే కన్నడం వచ్చేది. పుట్టిల్లు సరిహద్దుకు అవతల. "హౌదు, హౌదు," అని, అవునన్నట్టు తల గుండ్రంగా ఊపేది. ఏది అందినా కొట్టి చూసేది. టీ గ్లాసు, నా టిఫిన్ డబ్బా, మిల్లు గేటు. ఒకరోజు తన మోకాలి చిప్ప మీద ఉంగరంతో కొట్టుకొని, "గిది మూగైంది. కొత్తది కొయ్యాలె," అని పకపకా నవ్వింది. ఇంకొకరోజు నేను హెడ్మాస్టరుతో గొడవపడి మనసు బాగాలేక అక్కడ బండల దొంతి మీద ముడుచుకొని కూర్చుంటే, దగ్గరికొచ్చి వేలి కణుపుతో నా నుదురు మీద మెల్లగా తట్టింది. "ఏం? పలుకుతలేవు?" అంది. నా నుదురు తట్టి అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు.

మూడోసారి వెళ్లినప్పుడు నాకోసం ఒక బండ పక్కన పెట్టి ఉంచింది. దాని మీద నల్లటి సన్నని గీతలతో చెట్టు ఉంది, కొమ్మలూ రెమ్మలతో సహా. మనిషి గీసింది కాదు, రాతిలోనే పుట్టింది. తాండూరు రాతిలో అలాంటివి అప్పుడప్పుడు వస్తాయి.

"పొలం లేనోళ్లకు దేవుడు బండల తోట ఏసిండు," అంది. తరతరాలుగా ఇతరుల చేలల్లో కలుపు తీసిన ఇంటి మనిషి. ఆ మాట అన్నప్పుడు ముఖంలో ఏడుపు లేదు. నిజంగానే తోట చూపించినంత గర్వంగా చూపించింది. ఆ బండ ఇప్పుడు మా వంటింట్లో పొయ్యి ముందర ఉంది. శనివారం మధ్యాహ్నం అనపకాయలు ఉడకబెడుతూ దాని మీదే నిలబడ్డానని గుర్తొచ్చి పక్కకు జరిగాను.

ఇక ఆ ఆదివారం సంగతి. అప్పుడూ ఇలాంటి రోజులే, సీతాఫలాలు అయిపోవచ్చే కాలం. ఆదివారం మిల్లులో మిషన్లు ఆపేస్తారు. ఆమె మాత్రం పొద్దున చర్చికి వెళ్లి, అక్కడినుంచి మిల్లుకు వచ్చేది. ఇంజన్లు బంద్ ఉంటే బండ చక్కగా వినపడుతుందని మిల్లు సేటు ఆమెను ఆదివారాలే ఎక్కువ పిలిచేవాడు. నేను సంచిలో నాలుగు కాయలు పట్టుకొని గేటు దగ్గర నిలబడి అక్కా అని పిలిచాను. అటు తిరిగి ఉంది. చప్పుడంటూ లేదు, పావురాల రెక్కలు కూడా వినపడుతున్నాయి. మళ్లీ పిలిచాను. మూడోసారి గట్టిగా. తిరగలేదు. లోపలికి నడుస్తుంటే ఇంకో చేతిలోని టిఫిన్ డబ్బా జారి బండల మీద పడి దొర్లింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆమె తల ఎత్తి లేచిన పావురాలను చూసింది. అవి ఎందుకు లేచాయా అని అప్పుడు వెనక్కి తిరిగింది.

నన్ను చూసింది. కింద డబ్బాను చూసింది. నేను అంతా చూశానని అర్థమైంది.

ఇరవై ఏళ్లు తరగతిలో నిలబడిన దాన్ని. వెనక బెంచీలో కూర్చొని నా పెదవులకేసి కళ్లార్పకుండా చూసే పిల్లను వారంలో పట్టేస్తానని నాకు పెద్ద పేరు. ఈమె మూడు వారాలుగా నా పెదవులనే చూస్తుంటే, నా మాటంటే గౌరవమేమో అనుకున్నాను.

"ఎప్పటినుంచి అక్కా?"

"నాలుగైదేండ్లు అయితున్నది. ముందుగాల ఎడమది, ఎనుక కుడిది. మిషన్ మింగింది."

"మరి బండలు?"

నా ఎడమ చెయ్యి లాగి, అరచెయ్యి పరిచి బండకు ఆనించింది. అవతలి అంచున ఉంగరంతో కొట్టింది. సన్నని వణుకు ఒకటి అరచేతిలోకి వచ్చి మణికట్టుదాకా పాకింది. ఇంకొక బండకు ఆనించి కొట్టింది. ఏమీ రాలేదు. చెయ్యి గోడకు ఆనించినట్టే ఉంది.

"పలికేదైతే చీమలు పాకినట్టు పాకుతది. మూగదాంట్ల ఏం రాదు. ఎర్కైందా?"

"ఎర్కైంది అక్కా."

"చెవి కంటే చెయ్యే మంచిది టీచరమ్మా. చెవి ఇంకోటి ఇంటది, చెయ్యి ఒక్కదాన్నే ఇంటది." అంతలోనే గొంతు తగ్గించింది, నిజానికి తగ్గలేదు, తగ్గించాననుకుంది. "సేటుకు చెప్పకు. ఆయనకు సమజ్ కాదు. చెవుల్లేనిది గీ పనేం జేస్తదంటడు. పో, మిషన్ల కింద బురద ఎత్తుపో అంటడు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు అక్కా."

ఇద్దరం ఎండలో బండల దొంతి మీద కూర్చుని నాలుగు కాయలూ తిన్నాం. గింజలు ఎవరు దూరం ఉమ్మగలరని పందెం వేసింది. ఆమే గెలిచింది. ఆ మధ్యాహ్నం నా బతుకులో బాగున్న మధ్యాహ్నాల్లో ఒకటి. అందుకే ఆ తర్వాత చేసిన పని నాకు మరీ కంటగింపుగా ఉంటుంది.

నేలకు కావలసినవి కాక, లావుపాటి బండలు అయిదు ఏరింది ఆమె. మెట్లకు, తలుపుల ముందరికి. ఇంటికొచ్చాక నాకు భయం పట్టుకుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు పట్టే పిచ్చి ఒకటి ఉంటుంది, ప్రతిదీ కూలిపోతున్నట్టే కలలొస్తాయి. ఆ వణుకు నా అరచేతిలోకి వచ్చిన మాట నిజం. వచ్చినా నమ్మలేదు. చెవులు లేని మనిషి చెప్పిన బండ మీద నా ఇంటికి వచ్చేవాళ్లు కాలు పెట్టాలా అనిపించింది. ఇలా రాయడానికే అసహ్యంగా ఉంది, కాని అనిపించింది అదే. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూంలోనుంచి సేటుకు ఫోన్ చేశాను.

"మా లావు బండలు అయిదూ ఇంకెవరితోనన్నా ఒకసారి కొట్టించి చూడండి."

"ఎందుకు మేడం? అక్క చూసిందే కదా?"

ఊరికే అని వెంటనే అనాల్సింది. నోరు పెగల్లేదు. ఒక్క నిమిషం ఉండదు ఆ మౌనం. తర్వాత, "ఊరికే, నా తృప్తికి," అన్నాను. ఒట్టు తప్పలేదనే అనుకున్నాను. ఏమీ చెప్పలేదు కదా.

వ్యాపారం చేసేవాడికి ఆ మౌనం చాలు. మర్నాడు మిషన్లు ఆపించి, ఆమె వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడట. ఆ తర్వాత ఫోన్ చేసి నాకు థాంక్స్ చెప్పాడు. "మంచి పని చేసిన్రు మేడం. చెవులే లేవట ఆమెకు. గిన్ని దినాలు మమ్మల్ని ఆగం చేసింది." కొత్తగా పెట్టుకున్న మనిషి మా అయిదింట్లో రెండు పనికిరావని కొట్టేసి, వాటి బదులు తను ఏరినవి రెండు పెట్టాడట. కొట్టేసినవాటిలో ఒకటి బట్టలుతుక్కోవడానికి వేసుకోండి అని ఊరికే పంపించాడు. ఆమెను బురద తీసే పనిలోకి వెళ్లమంటే, ఉంగరం తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయిందట. బండలు లారీలో వచ్చాయి. నేను మళ్లీ తాండూరు వెళ్లలేదు.

ఒకసారి మాత్రం కనపడింది. రెండేళ్ల తర్వాత, వికారాబాద్ బస్టాండు బయట, సీతాఫలాల గంప ముందు. తప్పించుకుని పోదామనుకున్నాను. అప్పటికే చూసేసింది.

"టీచరమ్మా! ఇల్లు మంచిగున్నదా? బండలు సల్లగున్నయా?"

నిష్ఠూరం ఏమైనా ఉందేమోనని ముఖం వెతికాను. నాకేమీ దొరకలేదు.

"బాగున్నయ్ అక్కా."

"మెట్లు?"

"మెట్లూ బాగున్నయ్."

రెండు కిలోలు ఇమ్మన్నాను. ఆమె తల వంచుకొని కాయలు ఏరసాగింది, ఒక్కొక్కటీ ఎడమ అరచేతిలో పెట్టి తూచి చూసుకుంటూ. నడిమి వేలికి ఉంగరం పోయిన చోట తెల్లటి మచ్చ ఉంది. పక్కనుంచి ఆటోలు పోతున్నాయి. అప్పుడు చెప్పాను. "తప్పయింది అక్కా. ఒట్టు పెట్టి కూడా నీ మాట దాచలేదు. నీ పని నావల్లనే పోయింది." స్పష్టంగా, పూర్తిగా చెప్పాను. ఆమె తల వంచుకొని ఉన్నప్పుడు. నా పెదవులు కనపడనప్పుడు.

బడిలో తప్పు చేసిన పిల్లలను నేను ఊరికే వదలను. కిందికి చూస్తూ గొణిగితే ఒప్పుకోను. "ముఖం చూసి చెప్పు, అప్పుడే అది చెప్పినట్టు," అంటాను. ఎంతమందిని ఏడిపించానో ఆ మాటతో.

ఆమె తల ఎత్తింది. "ఏమన్న అన్నవా?"

"కాయలు తియ్యగున్నయా అని అడిగిన."

కాసేపు నా నోటికేసి చూసింది. "హౌదు. తియ్యగున్నయ్," అని, కట్టిన సంచి మళ్లీ విప్పి ఇంకో రెండు కాయలు పైన పెట్టింది.

ఆదివారం మేస్త్రి మళ్లీ వచ్చాడు. శనివారం ఊడదీసిన ముక్కలు గోడ పక్కన పెట్టి ఉన్నాయి. పగిలిన అంచు చూపించాడు. సగానికి పైగా మట్టిరంగు, మిగిలింది మాత్రమే తెల్లగా ఉంది.

"సిలిండర్ తప్పు కాదు మేడం. గీ నెర్రె ముందుగాల్నుంచే లోపల ఉన్నది. గనిలకెళ్లి వచ్చినప్పుడే. ఎట్ల పాస్ చేసిన్రో ఏమో."

బదులొచ్చిన రెండింట్లో ఒకటి అది, చెవులు బాగా వినపడే మనిషి పాస్ చేసిన బండ. టీ తెచ్చిచ్చాను. టింగుమనిపించి తాగుతూ, అడగకుండానే మొదలుపెట్టాడు.

"మా పెద్దమ్మ ఉంటే ఒక్క దెబ్బల చెప్తుండె. ఆమె పని గూడ ఉత్తగనే పోయింది మేడం. చెవులు ఇనొస్తలేవని ఎవలో సేటుకు ఎక్కిచ్చిన్రు. గంతకుముందు ఒక్క బండ తప్పు పోలేదు. ఎనుక పత్తి ఏరబోయింది, కాయలమ్మింది. కని బండ ముచ్చట వస్తే చెయ్యి గిట్ల గిట్ల అంటుండె." అరచెయ్యి గాలిలో ఆనించి చూపించాడు.

"ఎవరు చెప్పారో తెలియలేదా?" అన్నాను.

"ఆమెకు ఎర్కే. పేరు చెప్పు పెద్దమ్మా, పోయి అడుగుత అంటి. బేడ, బేడ అన్నది. వద్దన్నట్టు. ఇల్లు కట్టుకునేటోళ్లకు భయముంటది, ఏమనొద్దు అన్నది. మేము ఎన్నిసార్లు అడిగినా గంతే."

తెలుసన్నమాట. గంప ముందు కూర్చొని మెట్లు బాగున్నాయా అని అడిగినప్పుడే తెలుసు. నేను అన్నది ఏమిటో కూడా ఊహించే ఉంటుంది. అయినా నా పేరు కడుపులో పెట్టుకొనే పోయింది. ఒట్టు పెట్టింది నేను, నిలబెట్టుకుంది ఆమె. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. అతను గ్లాసు కింద పెట్టి లేచి, కొత్త బండ కోసం తాండూరు పోవాలంటే ఇవాళ దుకాణాలు బంద్ కదా అంటూ, పాత బండేదైనా ఉందేమో చూడ్డానికి పెరట్లోకి నడిచాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంత పిరికిదాన్ని నేను.

పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ఆగాడు. రెండు ఇటుక గోడల మీద పెట్టిన లావుపాటి బండ. ఎనిమిదేళ్లుగా దాని మీద మా ఇంటి బట్టలన్నీ బాదుతున్నాం. మేస్త్రి తాపీ పిడితో దాని మీద కొట్టాడు. గుడి గంటంత మోగలేదు గాని, పెరడంతా వినపడింది.

"అరే! ఏం పలుకుతున్నది మేడం! గిది పెట్టుకొని ముంగట నెర్రె బండ ఏసుకున్నరా?"

నేను వెళ్లి ఎడమ అరచెయ్యి ఆ బండ మీద పరిచాను. "మళ్లీ ఒకసారి కొట్టు," అన్నాను. కొట్టాడు. చీమలు పాకాయి, మణికట్టుదాకా.

మెట్టుకు దీన్నే వేద్దామన్నాడు. కొలత సరిపోయింది. గడ్డపార పెట్టి లేపి, పక్కకు తిప్పి, గోడకు ఆనించాడు. ఎనిమిదేళ్లుగా వెలుతురు చూడని అడుగువైపు మాకు ఎదురుగా వచ్చింది. సాలెగూళ్లు, ఎండిన సబ్బు మరకలు. వాటి మధ్య జాజుతో చుట్టిన ఎర్ర సున్న. బెత్తెడు ఖాళీతో, మూయకుండా. దాని మీద అడ్డంగా నల్లరంగుతో ఇంటూ గీసి ఉంది.

మేస్త్రి గొంతుక్కూర్చుని తువ్వాలుతో బూజు తుడిచాడు. చాలాసేపు వేలితో ఆ సున్న చుట్టూ తిప్పాడు, ఖాళీ దగ్గర ఆగుతూ.

"మా పెద్దమ్మ సున్న గిది," అన్నాడు. "గిసోంటి బండను ఎవలు కొట్టేసిన్రు మేడం?"

తల వంచుకొనే అడిగాడు, వేలు ఇంకా ఆ నల్ల గీతల మీదే ఉంది. జవాబు నా నోటిదాకా వచ్చింది. అప్పుడు చెప్పలేదు. అతను తల ఎత్తి నా ముఖంలోకి చూసేదాకా ఆగాను.

"నేనే," అన్నాను.